దవాఖానను నిలదీయాలంటే: వరంగల్ వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

హనుమకొండలో బాలసముద్రం, నయీంనగర్ వీధుల్లో నడిస్తే ఒక మెడికల్ షాపు, ఒక ల్యాబు, ఒక నర్సింగ్ హోమ్, మళ్లీ మెడికల్ షాపు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి జనం ఇక్కడికే వస్తారు. ఎక్కువమంది నయమై ఇంటికి పోతారు. కొందరికి అప్పు మిగులుతుంది, కొందరికి ఒక ప్రశ్న మిగులుతుంది. మా అమ్మ విషయంలో మాకూ అలాంటి ప్రశ్నే మిగిలింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లకు అర్జీలు రాసిపెట్టడం నాకు అలవాటైంది. నేను వకీలును కాదు, డాక్టర్‌ను అసలే కాదు. పదేపదే అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

ఆపరేషన్ వికటించింది. అంటే డాక్టర్ తప్పు చేసినట్టేనా?

కాకపోవచ్చు. ఈ మాట అనగానే వచ్చినవాళ్ల ముఖం మారిపోతుంది, అయినా ముందు ఇదే చెబుతాను. అదే చదువు, అదే అనుభవం ఉన్న మామూలు డాక్టర్ ఆ పరిస్థితిలో ఎంత జాగ్రత్త తీసుకుంటాడో అంత తీసుకున్నాడా లేదా అన్నదే కోర్టు చూస్తుంది. అందరికన్నా గొప్ప డాక్టర్ అయితే ఏం చేసేవాడని చూడదు. రెండు రకాల వైద్యం ఉన్నప్పుడు ఆయన ఒకటి ఎంచుకున్నాడు, అది ఫలించలేదు అనుకోండి, అది నిర్లక్ష్యం కిందికి రాదు.

మరి ఏది నిర్లక్ష్యం? కడుపులో గుడ్డ మరిచి కుట్లు వేయడం. ఒక కాలికి చేయాల్సింది ఇంకో కాలికి చేయడం. ఫలానా మందు పడదని చీటీలో రాసి ఉన్నా అదే ఇవ్వడం. ఇవి ఎవరికైనా అర్థమవుతాయి. కానీ నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇలా ఉండవు. రాత్రి 11కి బీపీ పడిపోయింది, నర్సు ఫోన్ చేసింది, డాక్టర్ తెల్లవారి వచ్చాడు. ఇలాంటివే ఎక్కువ. ఇక్కడ తేలాల్సింది ఆపరేషన్ ఎంత బాగా చేశాడన్నది కాదు, ఆ ఆరేడు గంటలు పేషెంట్‌ను ఎవరు చూశారన్నది. ఆ సంగతి మీకు చెప్పగలిగేది కేస్ షీటు ఒక్కటే.

అయితే మొదట ఏం చేయాలి?

కేస్ షీటు అడగండి. కొట్లాట, పోలీసు, వకీలు, పేపర్లో వార్త, అన్నీ ఆ తర్వాతే.

డాక్టర్ల ప్రవర్తనకు సంబంధించి 2002లో వచ్చిన నిబంధనలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. పేషెంట్ గానీ, పేషెంట్ అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని అందులో ఉంది. ఇన్‌పేషెంట్ రికార్డులు వైద్యం మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలని కూడా ఉంది. అంటే నాలుగో ఏట పోయి అడిగితే, లేవు అని చెప్పే వీలు వాళ్లకు ఉంటుంది.

చాలామంది డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే అదే కేస్ షీటు అనుకుంటారు. అది ఒకటో రెండో పేజీల సారాంశం, అంతా అయిపోయాక రాసింది. కేస్ షీటు అంటే చేరిన గంట నుంచి రాసిన ఫైలు మొత్తం: డాక్టర్ నోట్స్, నర్సుల నోట్స్, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారన్న చార్టు, బీపీ, పల్స్ చార్టు, మత్తు డాక్టర్ రాసిన కాగితం, ఆపరేషన్ నోట్స్, మీరు సంతకాలు పెట్టిన కాగితాలు, ల్యాబు రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు. నేనైతే మొదట నర్సుల నోట్స్ చదువుతాను. డాక్టర్ నోట్స్ నీటుగా ఉంటాయి. నర్సు మాత్రం తన మీదికి రాకుండా "డాక్టర్ గారికి ఫోన్ చేశాను" అని టైము వేసి రాసుకుంటుంది.

మా అమ్మ ఫైలు అడిగినప్పుడు మొదటి రోజు రికార్డు రూమ్ మనిషి సెలవన్నారు. రెండో రోజు మేనేజ్‌మెంట్ పర్మిషన్ కావాలన్నారు. మూడో రోజు "మీకెందుకండీ అవన్నీ, మీకు అర్థం కావు" అన్నారు. ఆ మాటతో మా తమ్ముడు కుర్చీ ఎత్తబోయాడు. ఎత్తి ఉంటే ఆ ఫైలు మాకు దొరికేదే కాదు. నోటితో అడగడం ఆపి రెండు కాపీల్లో దరఖాస్తు రాశాం, ఒకదాని మీద స్టాంపు వేయమన్నాం. వేయలేదు. స్పీడ్ పోస్టులో పంపాం. ఐదో రోజు ఫోన్ వచ్చింది, జిరాక్స్ ఖర్చు కట్టి తీసుకుపొమ్మని.

బిల్లు మొత్తం కట్టేదాకా శవాన్ని ఇవ్వమంటున్నారు.

అలా ఆపే హక్కు వాళ్లకు లేదు. బాకీ ఉంటే దాన్ని వసూలు చేసుకునే దారి వేరే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగి హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది, కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఆ పత్రాన్ని రాష్ట్రాలకు పంపింది. 112కు ఫోన్ చేయండి, జిల్లా వైద్యాధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకు చెప్పండి. తెగని బేరం సాధారణంగా ఆ రెండు ఫోన్లతో తెగుతుంది. బిల్లు మాత్రం ఐటమ్ వారీగా అడిగి తీసుకోండి, రేపు అది పనికొస్తుంది.

చేరేటప్పుడు అన్నిటి మీదా సంతకాలు పెట్టాం. ఇంకేం చేయగలం?

చాలా చేయగలరు. ఆపరేషన్‌లో ఉండే ప్రమాదానికి మీరు ఒప్పుకున్నారు, నిర్లక్ష్యానికి ఒప్పుకోలేదు. "ఏం జరిగినా మాది బాధ్యత కాదు" అని రాయించుకున్నా, ఆ కాగితం నిర్లక్ష్యానికి అడ్డుగోడ కాదు.

పైగా ఒప్పుకోవడం అంటే ఏమిటో 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష కోసమని ఒప్పుకున్న ఆమెకు మత్తులో ఉండగానే గర్భసంచి తీసేశారు, బయట ఉన్న తల్లిని అడిగి. పేషెంట్ మేజర్, ప్రాణాపాయం ఏమీ లేదు, స్పృహ వచ్చాక ఆమెనే అడగవచ్చు, తల్లి ఒప్పుకోలు చెల్లదు అంది కోర్టు. (పరిహారం మాత్రం 25 వేలు. సూత్రం గొప్పది, చెక్కు చిన్నది.) మన దగ్గర ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకు గర్భసంచి ఆపరేషన్ అంటే మొగుడి సంతకం తీసుకుంటారు, ఆమెను అడిగేవాళ్లు తక్కువ. ఈ తీర్పు వాళ్లకే ఎక్కువ అవసరం.

ఒక్క సంతకం దగ్గర మాత్రం ఆగండి. "సీరియస్ అయింది, హైదరాబాద్ తీసుకుపోండి" అంటూ ఒక కాగితం ఇస్తారు. అందులో "డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా మా ఇష్టంతో తీసుకుపోతున్నాం" అని ఉంటుంది. దవాఖాన భాషలో దాన్ని లామా అంటారు. వాళ్లే పొమ్మంటే అది లామా కాదు, రెఫరల్. రెఫరల్ లెటర్ అడగండి. వినకపోతే సంతకం పక్కనే "డాక్టర్ గారు చెప్పినందుకు తీసుకుపోతున్నాం" అని తెలుగులో రాసి టైము వేయండి.

గేటు ముందు కూర్చుంటేనే కదులుతారని అందరూ అంటున్నారు. నిజమేనా?

డబ్బు వరకు కొన్నిసార్లు నిజమే. మన దగ్గర ఇది ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. మనిషి పోతాడు, ఊరు కదిలి వస్తుంది, గేటు ముందు బైఠాయింపు, పోలీసులు, ఆ తర్వాత పై అంతస్తులో పెద్దమనుషుల మాటలు. సాయంత్రానికి ఒక అంకె తేలుతుంది. "మాకు దవాఖాన మీద ఎలాంటి ఫిర్యాదు లేదు" అన్న కాగితం మీద సంతకం పెడతారు. పెద్దమనుషుల్లో ఎవరికి ఎంత ముట్టిందో దేవుడికే తెలియాలి.

ఆ పూట డబ్బు అవసరమైన ఇంటిని నేను తప్పు పట్టను. కానీ ఆ సెటిల్‌మెంట్‌తో ఏం జరిగిందన్నది ఎక్కడా నమోదు కాకుండా పోతుంది. అదే డాక్టర్, అదే ఐసీయూ, అదే రాత్రి డ్యూటీ, వచ్చే నెల ఇంకో ఇల్లు. నాకు సెటిల్‌మెంట్ల మీద ఉన్న కోపమంతా అందుకే.

అద్దాలు పగలగొట్టినా, డాక్టర్ మీద చెయ్యి చేసుకున్నా కథ తిరగబడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం తెలంగాణలోనూ ఉంది. 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా, పగిలిన సామాను విలువకు రెండింతలు కట్టాలి, బెయిలు కూడా హక్కుగా రాదు. అప్పటిదాకా బాధితుడిగా ఉన్నవాడు ఆ రాత్రి నుంచి ముద్దాయి. దవాఖాన వకీలు అడగబోయే మొదటి ప్రశ్న కూడా దాని గురించే.

పోలీసులకు ఫిర్యాదు చేస్తే డాక్టర్‌ను అరెస్టు చేస్తారా?

వెంటనే చేయరు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. క్రిమినల్ కేసుకు మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. కేసు ముందుకు పోవాలంటే పోలీసులు సంబంధం లేని ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే సర్కారు డాక్టర్‌ది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 106వ సెక్షన్. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే మామూలుగా 5 ఏళ్ల వరకు శిక్ష, వైద్యం చేస్తుండగా అయితే రిజిస్టర్డ్ డాక్టర్‌కు 2 ఏళ్ల వరకు.

అయినా ఒక సందర్భంలో పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. మరణానికి కారణం మీద అనుమానం ఉంటే పోస్ట్‌మార్టం కావాలి, దానికి ఫిర్యాదు, పంచనామా కావాలి. "కోసి ఏం చేస్తారు, పోయినవాడు రాడు కదా" అని ఇంటి పెద్దలు అంటారు. ఆ మాట అనేవాళ్లలో నా మేనమామ కూడా ఉన్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ దహనం అయ్యాక మరణ కారణం గురించి చెప్పగలిగేది దవాఖాన రాసిన కాగితం ఒక్కటే.

కన్స్యూమర్ కేసు అంటే ఏదో ఫ్రిజ్, టీవీ వ్యవహారం కదా?

దవాఖానలకూ వర్తిస్తుంది. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవేనని తేల్చింది. 2019లో చట్టం కొత్తగా వచ్చాక మళ్లీ వివాదం లేపారు, 2022లో అదీ తేలిపోయింది. నా లెక్కలో మామూలు మనిషికి ఉన్న దారుల్లో ఇదే గట్టిది.

వివరాలు చెబుతాను. మీరు దవాఖానకు కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే వేయవచ్చు. అడిగే పరిహారంతో సంబంధం లేదు, కట్టిన డబ్బే లెక్క. అది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు. ఘటన జరిగిన రెండేళ్లలో వేయాలి. ఆలస్యమైతే కారణం చెప్పుకుని అడగవచ్చు, ఒప్పుకుంటారన్న నమ్మకం పెట్టుకోకండి. కొత్త చట్టంలో అన్నిటికన్నా మంచి మాట ఇది: మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు. పరకాల మనిషికి హైదరాబాద్ కార్పొరేట్ దవాఖానలో అన్యాయం జరిగితే హనుమకొండలోనే వేసుకోవచ్చు. వకీలు లేకుండా మీరే నడుపుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ముందు సలహా కావాలంటే 1915కు ఫోన్ చేయండి.

నోటీసు అందాక దవాఖాన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇంకో 15 రోజులు పెంచవచ్చు, ఆ తర్వాత కుదరదు. కాబట్టి ఎవరికి ఏ తేదీన నోటీసు అందిందో కనిపెట్టుకుని ఉండండి.

ఖర్చు భరించలేనివాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు. అక్కడే, కోర్టుకు పోకుండా వివాదం తేల్చే పర్మినెంట్ లోక్ అదాలత్ గురించి కూడా అడగండి, దవాఖాన సేవలు దాని పరిధిలో ఉన్నాయి, ఫీజు లేదు.

ఒక డాక్టర్ మీద ఇంకో డాక్టర్ సాక్ష్యం చెబుతాడా?

ఇక్కడే చాలా కేసులు చతికిలబడతాయి. వరంగల్ డాక్టర్లలో ఎంతోమంది ఒకే కాకతీయ మెడికల్ కాలేజీలో చదివినవాళ్లు, సీనియర్లు, జూనియర్లు, బంధువులు. నోటితో "అవును, ఇది తప్పే" అంటారు, కాగితం మీద రాయమంటే టీ తాగి పొమ్మంటారు. అందుకని ఫైలు మొత్తం పట్టుకుని వేరే ఊరికి, వీలైతే వేరే రాష్ట్రానికి పోయి అభిప్రాయం తీసుకోవడం మేలు.

అయితే అన్ని కేసులకూ నిపుణుడు అక్కర్లేదు. దీనికి మన తెలుగు నేల కేసే ఆధారం. మలేరియా శాఖలో పనిచేసే వి. కిషన్ రావు గారు చలిజ్వరంతో ఉన్న భార్యను దవాఖానలో చేర్చారు. వాళ్లు టైఫాయిడ్‌కు మందులిచ్చారు. ఆమె పరిస్థితి చెయ్యి దాటి ఇంకో దవాఖానలో చనిపోయింది. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కన్స్యూమర్ కమిషన్) 2 లక్షలు ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను పక్కనపెట్టి, తప్పు కాగితాల్లోనే కనబడుతుంటే ప్రతి కేసులో నిపుణుడిని తెమ్మనడం సరికాదని, జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. 2002లో జబ్బు, 2010లో తీర్పు. ఓపిక ఎంత కావాలో ఆ రెండు అంకెలే చెబుతాయి. చట్టం మాత్రం 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చాలంటుంది.

మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే లాభమేమిటి?

డబ్బు రాదు. డాక్టర్ రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకునే అధికారం ఉన్నది తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కే: హెచ్చరించవచ్చు, కొంతకాలం ఆపవచ్చు, పూర్తిగా తీసేయవచ్చు. ఫిర్యాదుతో పాటు కేస్ షీటు కాపీ, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు జతచేయండి. నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉండాలి.

ఒక లోపం చెప్పక తప్పదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలో, రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే ఢిల్లీకి అప్పీలు చేసుకునే హక్కు డాక్టర్‌కు రాశారు, పేషెంట్‌కు రాయలేదు. డాక్టర్ల పంచాయితీని డాక్టర్లే తీర్చడం ఒక సంగతి, ఓడిన పేషెంట్‌కు తలుపు మూసేయడం ఇంకో సంగతి.

వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంలో జరిగితే? అక్కడ అంతా ఉచితం కదా.

అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖాన కన్స్యూమర్ చట్టం కిందికి రాదు. ఓపీ చీటీకి నామమాత్రంగా ఏదైనా కట్టినా అంతే. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోటైతే ఉచితంగా చూపించుకున్నవాళ్లూ కేసు వేయవచ్చు.

అలాగని సర్కారుకు బాధ్యత లేకపోలేదు. బెడ్డు లేదని దవాఖానలన్నీ తిప్పి పంపిన మనిషి కేసులో 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని పశ్చిమ బెంగాల్ సర్కారుతో పరిహారం కట్టించింది. ఆ దారి హైకోర్టులో రిట్, అంటే సర్కారు మీద హక్కు కోసం వేసే పిటిషన్. దానికి ముందు సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు, సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి, సమాచార హక్కు కింద 10 రూపాయల దరఖాస్తు. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారు, వెంటిలేటర్లు ఎన్ని, ఎన్ని పనిచేస్తున్నాయి, ఇవన్నీ అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి.

2022 మార్చి చివర్లో ఎంజీఎం ఐసీయూలో పేషెంట్‌ను ఎలుకలు కొరికిన సంగతి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుకలు పట్టడం డాక్టర్ పనా, శానిటేషన్ కాంట్రాక్టు ఎవరిది, బిల్లులు ఎవరు పాస్ చేశారు అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. నిలదీయడమంటే కోటు వేసుకున్నవాడిని మాత్రమే నిలదీయడం కాదు.

ఆరోగ్యశ్రీ కింద చేర్చి పైన డబ్బు అడుగుతున్నారు.

ప్యాకేజీలో ఉన్నదానికి పైసా అడగకూడదు. దవాఖానలోనే ఆరోగ్యమిత్ర ఉంటారు, వారికి చెప్పండి, 104కు ఫోన్ చేయండి. డబ్బు ఇవ్వక తప్పకపోతే ఫోన్‌పే చేయండి, నగదు వద్దు.

మా కోడలికి అవసరం లేకున్నా సిజేరియన్ చేశారని అనుమానం.

అనుమానం రావడంలో వింత లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5 శాతం. కానీ రాష్ట్రం అంకె మీ కోడలి కేసుకు రుజువు కాదు. ఎందుకు చేశారో కేస్ షీటులో రాసి ఉండాలి, బిడ్డ గుండె కొట్టుకునే చార్టు ఉండాలి. మంచి ముహూర్తం చూసి కోయమన్నది ఇంట్లోవాళ్లే అయితే మాత్రం నా దగ్గరికి రాకండి. అలా కూడా వచ్చారు.

మా ఊరి ఆర్‌ఎంపీ పంపిన దవాఖానకే పోయాం. ఆయన్ని ఏమీ అనలేమా?

డిగ్రీ, రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. పేషెంట్‌ను పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు 2002 నిబంధనల్లోనే నిషేధం. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తీసేది ఆ ఆర్‌ఎంపీయే. ఊరివాళ్లు ఆయన మీద ఫిర్యాదు రాయరు, నేను రాయమని ఒత్తిడి చేయను. హై డోసు ఇంజెక్షన్లు, సెలైన్లు మాత్రం ఆయన చేత ఎక్కించుకోకండి. ఏ దవాఖానకు పోవాలన్నది ఆయన్ని కాకుండా ఇంకొకరిని అడగండి.

నేను డాక్టర్‌ను. మీలాంటివాళ్ల వల్లే సీరియస్ కేసులు ముట్టుకోవడానికి భయపడుతున్నాం.

ఈ మాట నాకు ముఖం మీదే అన్న డాక్టర్ ఒకరున్నారు. ఆయన దగ్గరికే మా నాన్నను తీసుకుపోతాను. ఎందుకంటే ఆయన ఐసీయూ బయటికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఏం జరుగుతోందో, ఏం జరగవచ్చో తెలుగులో చెబుతాడు. నేను చూసిన ఫిర్యాదుల్లో సగం, ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల పుట్టినవే. నోట్స్ టైముకు రాసిన డాక్టర్‌ను కేస్ షీటే కాపాడుతుంది. ఫైలు చదివాక "ఇందులో తప్పు లేదు, కేసు వేయకండి" అని నేను వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు.

కేస్ షీటుకు దరఖాస్తు ఎలా రాయాలి?

తెల్లకాగితం చాలు, ఇంగ్లిష్ అక్కర్లేదు.

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి. మా తండ్రి ఫలానా, ఐపీ నంబరు ఫలానా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో వైద్యం పొందారు. ఆయన పూర్తి కేస్ షీటు, అంటే డాక్టర్ నోట్స్, నర్సింగ్ నోట్స్, మందుల చార్టు, ఆపరేషన్ మరియు అనస్థీషియా నోట్స్, అంగీకార పత్రాలు, అన్ని పరీక్షల రిపోర్టులు, ఫిల్ములు, ఐటమ్ వారీ బిల్లు నకళ్లు ఇవ్వగలరు. 2002 వైద్య నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలని కోరుతున్నాను. నకళ్ల ఖర్చు చెల్లిస్తాను."

పేషెంట్ ఉంటే ఆయన సంతకం, లేకపోతే వారసుడి సంతకం, ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు. తేదీతో పాటు ఇచ్చిన టైము కూడా వేయండి, 72 గంటల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.